అరంగుళం వదులు మట్టి

మొన్న శనివారం మా అమ్మాయినీ, ఆట చూస్తానన్న మా నాన్ననీ సాఫ్ట్‌బాల్ ఆటకి తీసుకెళ్తూ, దారి మళ్ళించి, టూంగాబీలో రైలు పట్టాల అవతలున్న పాత గ్రౌండు మీదుగా కారు పోనిచ్చాను. ఎందుకు పోనిచ్చానో నాకే తెలియదు. ఆ వీధి తగలకుండా ఎన్నో ఏళ్ళుగా చుట్టు తిరిగి పోతున్నదాన్ని. చూస్తే గ్రౌండు చుట్టూ ఇనపకంచె. లోపల పసుపు రంగు పొక్లెయిన్ ఒకటి ఎర్రమట్టిని గీకి గీకి లారీలో పోస్తోంది. ప్లాస్టిక్ గడ్డి పరుస్తారని బోర్డు పెట్టారు. ఇక వాన పడినా ఆట ఆగదట. నీళ్ళు పెట్టే పని లేదు, మట్టి సవరించే పని లేదు.

కారు ఆపి అద్దం దించాను. తడిమట్టి వాసన గుప్పున వచ్చింది. "మట్టే కదా, పోతే పోయింది" అనుకోవాలి మనిషన్నాక. నాకు మాత్రం అక్కణ్ణించి కారు కదిలించబుద్ధి కాలేదు.

సాఫ్ట్‌బాల్ తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. గ్రౌండంతా గడ్డి ఉన్నా, ఆట ముఖ్యంగా సాగే చోట గడ్డి ఉండదు, ఎర్రమట్టి ఉంటుంది. ఆ మట్టి మీద మూల మూలకీ ఒక బేస్ ఉంటుంది. బంతి కొట్టి, ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి పరిగెత్తాలి. మనకంటే బంతే ముందు చేరేలా ఉంటే, నేలమీద పడి, కాలు చాచి, జారుకుంటూ వెళ్ళి బేస్‌ని తాకాలి. నా కథంతా ఈ జారడం దగ్గరే ఉంది.

మేము ఆస్ట్రేలియా వచ్చేసరికి నాకు పదేళ్ళు. నాన్నది కంప్యూటర్ ఉద్యోగం. అమ్మ పెద్దవాళ్ళ హోమ్‌లో పనిచేసేది. నాకు పదమూడేళ్ళప్పుడు నానమ్మ పోయింది. తాతయ్య ఒక్కడే అయిపోయాడని నాన్న వెళ్ళి, పొలం చిన్నతాత కొడుకులకి అప్పజెప్పించి, ఆయన్ని ప్రకాశం జిల్లా నుంచి టూంగాబీకి తీసుకొచ్చేశాడు.

వచ్చాడన్న మాటేగానీ తాతయ్య ఇక్కడ లేడు. పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టుకుని, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఎదురుగా పక్కింటివాళ్ళ గరాజు తలుపు. దాన్నే చూసేవాడు. "యాడ చూసినా గడ్డీ, సిమెంటూనే గదరా. ఈళ్ళు మట్టిని యాడ దాచిపెట్టారు?" అని నాన్నని అడిగేవాడు. నాలుగు నెలలకి అన్నం సగానికి తగ్గింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోవడమే ఆయన జబ్బు.

"మా నాన్నని ఇట్లా కుర్చీలో వదిలేస్తే ఏడాది తిరక్కుండా పోతాడు" అని నాన్న అమ్మతో అంటుంటే విన్నాను. ఆ సాయంత్రమే నన్ను పిలిచి, "ప్రాక్టీసుకి వెళ్ళేటప్పుడు తాతని కూడా తీసుకుపో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పంచె కట్టుకున్న ముసలాయన్ని వెంటేసుకుని టీమ్ ముందుకి వెళ్ళాలా? అయినా నాన్న మాట కాదనే ధైర్యం లేదు.

గ్రౌండు దాకా తాతయ్య నా వెనకే నడిచాడు. ఎర్రమట్టి కనిపించగానే ఆగిపోయాడు. చెప్పులు విడిచి అంచున పెట్టాడు. నాలుగడుగులు లోపలికి నడిచి, గొంతుక్కూర్చుని, గుప్పెడు మట్టి తీసి వాసన చూశాడు. ఊరుకోవచ్చుగా? చిటికెడు నాలిక మీద వేసుకున్నాడు! మా టీమంతా చూస్తోంది. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

ఆ మట్టిని చూసుకునేది ఒక ఆస్ట్రేలియన్ ముసలాయన. మచ్చలు మచ్చలుగా ఎండకి కాలిన చేతులు, అంచు చిరిగిన టోపీ, మోకాలి నొప్పితో ఎప్పుడూ కుంటే ఎడమ కాలు. క్లబ్బు కోసం ఊరికే చేసేవాడు. ఆయన మట్టి సవరించే దంతె పక్కన పెట్టి మెల్లగా మా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తానూ ఒక చిటికెడు తీసి నాలిక మీద వేసుకుని, తుపుక్కున ఊసి, "ఉప్పెక్కువైంది కదూ మేట్?" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. "అవును, ఉప్పు తగలతంది. నీళ్ళు మార్చమను పాపా" అన్నాడు తాతయ్య. నాలుగు నెలల్లో ఆయన గొంతులో ప్రాణం వినడం అదే మొదలు.

అప్పటినుంచి తాతయ్య ఆయనకి మట్టిదొర అని పేరు పెట్టాడు. ఇద్దరికీ భాష లేదు, నేనే మధ్యలో. నేను లేనప్పుడు సైగలతో గడిపేసేవాళ్ళు. తాతయ్య రాళ్ళు ఏరేవాడు, ముళ్ళగడ్డి పీకేవాడు, అంచులు దంతెతో సరిచేసేవాడు, పైపుతో నీళ్ళు పెట్టేవాడు. చివర్లో మట్టిదొర చిన్న ట్రాక్టరుకి ఇనప గొలుసుల వల కట్టి, మట్టంతా గుండ్రంగా లాక్కుంటూ తిరిగేవాడు. తాతయ్య బరువులు ఎత్తబోతే "లిజన్ మేట్, యూ నో లిజన్!" అని అరిచేవాడు. రోజుకి ఇరవైసార్లు వినేసరికి తాతయ్యకి ఆ ముక్కలు నోటికి వచ్చేశాయి. ఇంట్లో నాన్న కూర వడ్డించుకోకపోతే "యూ నో లిజన్" అనేవాడు. అమ్మ నవ్వలేక చచ్చేది.

శనివారాలు ఆట. పొద్దున్నే ఇనప పెనం మీద సాసేజీలూ ఉల్లిపాయలూ వేగే వాసన గ్రౌండంతా నిండేది. పిల్లలకి నారింజలు నాలుగు చెక్కలుగా కోసి డబ్బాలో పెట్టేవాళ్ళు. అమ్మ తాతయ్యకి పులిహోర కట్టి ఇచ్చేది. ఒకరోజు ఆయన గోంగూర పచ్చడి సీసా కూడా సంచిలో దాచుకొచ్చి, మట్టిదొర సాసేజీ బ్రెడ్డులో ఇంత దట్టించాడు. దొర మొహం ఎర్రబడింది, కళ్ళంట నీళ్ళు కారాయి, చెంబెడు నీళ్ళు తాగాడు. తాగి, ఇంకోటి కావాలన్నాడు. "తిండి సప్పిడి, మనిషి మాత్రం ఉప్పూ కారం తగిలినోడు" అని తాతయ్య తీర్పు చెప్పాడు. తాతయ్య అన్నం మళ్ళీ నిండు కంచానికి వచ్చింది.

టీమ్‌లో నా ప్రాణ స్నేహితురాలు ఒక రాగిరంగు జుట్టు పిల్ల. తాతయ్య దాన్ని రాగిపిల్ల అనేవాడు. మా ఇద్దరి అల్లరికి అంతు లేదు. గీతలు గీసే సుద్దపొడి డబ్బా షెడ్డులోంచి కొట్టేసి, ఒకరోజు రెండో బేస్ చుట్టూ పద్మం ముగ్గు వేశాం. మట్టిదొర చూసి ఇంతెత్తున ఎగిరాడు. తాతయ్య పరుగున వచ్చాడు. మమ్మల్ని కాపాడతాడనుకుంటే, వంగి చూసి, "ఇది ముగ్గంటే మీ నాయనమ్మ ఒప్పుకుంటదా? చుక్క తప్పింది గదా" అని తానే చెరిపి దిద్దాడు. మట్టిదొర టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. ఆట మొదలయ్యే దాకా ఆ ముగ్గు అలాగే ఉంచాడు.

ఒక్క విషయంలోనే తాతయ్యకి మట్టిదొర పని నచ్చేది కాదు. "ఇంత చేస్తాడు గదా, పైన దుమ్ము లేస్తానే ఉంటది. అణగ్గొట్టడు. కళ్ళం చెయ్యటం తెలవదు పాపా ఈయనకి" అనేవాడు. పంట నూర్చడానికి పొలంలో కళ్ళం ఎలా చేసేవాళ్ళో చెప్పేవాడు. నేల చెక్కి, తడిపి, రాతి రోలరు లాగి లాగి, పేడనీళ్ళతో అలికి ఆరబెడితే ఒక్క గింజ మట్టిలో కలిసేది కాదట. "మా నాయన కళ్ళంలో అన్నం పెట్టుకుని తినొచ్చు" అనేవాడు. నేను ఊఁ కొట్టి పారిపోయేదాన్ని. ఎవరు వింటారు ఆ పాత సోది?

ఆ ఏడు మేము ఫైనల్‌కి వెళ్ళాం. ఆట మా గ్రౌండులోనే. సరిగ్గా ఆ వారమే మట్టిదొరకి మోకాలి ఆపరేషన్‌కి పిలుపొచ్చింది. బుధవారం మధ్యాహ్నం గ్రౌండుకి వచ్చి, షెడ్డు తాళంచెవి తాతయ్య చేతిలో పెట్టాడు. తాతయ్య దాన్ని రెండు చేతులా అందుకుని, అక్కడే మొలతాడుకి కట్టుకున్నాడు.

మట్టిదొర నా వైపు తిరిగి, "మీ తాతకి ఇది తప్పకుండా చెప్పు. నీళ్ళు పెట్టమను. రోలరు మాత్రం ముట్టుకోవద్దను. చివర్లో వల లాగి, పైన అరంగుళం మట్టి వదులుగా ఉంచమను. అది గట్టిపడితే పిల్లలు జారలేరు, కాళ్ళు విరుగుతాయి. చెప్తావుగా?" అన్నాడు.

"చెప్తాను" అన్నాను.

అవతల రాగిపిల్ల గేటు దగ్గర నిలబడి రైలొచ్చేస్తోందని కేకలు పెడుతోంది. ఇద్దరం బ్లాక్‌టౌన్ వెళ్ళి, ఫైనల్ కోసం ఒకే రకం రిబ్బన్లు కొనుక్కోవాలి. అదీ నాకున్న రాచకార్యం. మట్టిదొర కుంటుకుంటూ కారెక్కి వెళ్ళిపోయాడు.

"ఏమంటన్నాడు పాపా, అంతసేపు చెప్పాడు?" అన్నాడు తాతయ్య.

"ఆటకి బాగా తయారు చెయ్యమన్నాడు తాతా" అని ఒక్క ముక్కలో తేల్చేసి పరిగెత్తాను. మిగతాది ఇంటికెళ్ళాక చెప్పొచ్చులే అనుకున్నాను. ఇంటికెళ్ళాక రిబ్బన్ల గొడవలో పడి మర్చిపోయాను.

కాళ్ళు అలిసిపోతాయని కోచ్ గురు, శుక్రవారాలు మాకు ప్రాక్టీసు పెట్టలేదు. ఆ రెండు రోజులూ తాతయ్య పొద్దున పోయి చీకటిపడే వేళకి వచ్చాడు. మా పక్క ఫ్లాట్‌లో ఉండే ఇద్దరు యూనివర్సిటీలో చదివే తెలుగు కుర్రాళ్ళని బతిమాలి తోడు తీసుకెళ్ళాడు. "తాతా, ఈ వయసులో మీకెందుకు తాతా ఈ స్ట్రెస్సూ" అంటూనే వాళ్ళు పక్క క్రికెట్ పిచ్ రోలరు లాగి పెట్టారట. హార్డ్‌వేర్ షాపులో బస్తా పేడ ఎరువు కూడా కొనిపించాడు. శుక్రవారం సాయంత్రం అమ్మ ముక్కు మూసుకుని ఆయన్ని తిన్నగా స్నానాల గదిలోకి పంపింది. అన్నాల దగ్గర తాతయ్య మొహం వెలిగిపోతోంది. "రేపు చూడు పాపా. మట్టిదొర చూస్తే కళ్ళు తిరగాల" అన్నాడు. నాకు అప్పుడైనా గుర్తు రావాలి కదా? రాలేదు. నేను రిబ్బను ముడి వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాను.

శనివారం పొద్దున్న గ్రౌండుకి వచ్చినవాళ్ళందరూ గేటు దగ్గరే ఆగి చూశారు. అంత అందమైన నేల నేను మళ్ళీ చూడలేదు. ఒక్క గులకరాయి లేదు, ఒక్క గీత వంకర లేదు. ఎర్రగా, నున్నగా, అంచు నుంచి అంచుకి ఒకే చదును. వాళ్ళూ వీళ్ళూ వచ్చి తాతయ్య చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన మట్టిదొర ఇచ్చిన టోపీ పెట్టుకుని, పంచె సర్దుకుంటూ, కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు. కోచ్ ఒకసారి మడమతో నేలని తన్ని చూసి మొహం చిట్లించింది. అప్పటికే అంపైర్ పిలిచేస్తున్నాడు.

నేను మట్టి మీద అడుగుపెట్టాను. బూటు కింద టక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది. అరంగుళం. రోలరు ముట్టుకోవద్దు. అన్నీ గుర్తొచ్చాయి. అరిచి చెప్పొచ్చు. ఆట ఓ అరగంట ఆపి పైపైన దంతె లాగితే సరిపోయేది. కానీ అందరూ తాతయ్యని మెచ్చుకుంటున్నారు, నేను చెప్పలేదని తెలిస్తే నన్ను తిడతారు, ఏమవుతుందిలే అనుకున్నాను. ఛీ! ఆ "ఏమవుతుందిలే" అన్న మాటని తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నేనే ఊసుకోవాలనిపిస్తుంది.

ఆట చివరికొచ్చింది. మొదటి బేస్ మీద రాగిపిల్ల ఉంది. బ్యాటు నా చేతిలో ఉంది. నేను కొట్టిన బంతి ఆ గట్టినేల మీద రయ్యిమని దూసుకుపోయి అవతలి జట్టు పిల్ల చేతిలో పడింది. ఆ పిల్ల రెండో బేస్‌కి విసిరింది. అటే పరిగెత్తుతున్న రాగిపిల్ల బంతి కంటే ముందు చేరడానికి కాలు చాచి నేలమీద పడింది. వదులు మట్టి అయితే జారేది. అక్కడ బూటు ముళ్ళు నేలకి పట్టుకుని కాలు ఆగిపోయింది, ఒళ్ళు ఆగలేదు. ఆ చప్పుడు నాకు వినిపించింది. ఎండుకట్టె విరిగినట్టు, పట్‌మని. తర్వాత దాని కేక.

అంబులెన్సు వెళ్ళిపోయాక, క్లబ్బు పెద్దావిడ ఆసుపత్రిలో ఉన్న మట్టిదొరకి ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసి మా దగ్గరికి వచ్చింది. తాతయ్య రెండో బేస్ దగ్గర గొంతుక్కూర్చుని, అరచేత్తో నేలని నిమురుతున్నాడు. నాన్న పక్కన నిలబడ్డాడు. ఆవిడ నన్ను మెత్తగానే అడిగింది. "పైన వదులుగా ఉంచమని మీ తాతకి చెప్పమన్నాడట కదా. నువ్వు చెప్పావా, లవ్?"

తాతయ్య తలెత్తి నా మొహంలోకి చూశాడు. ఒక్క క్షణమే. ఆయనకి ఇంగ్లీషు రాదు, కానీ నా మొహం చదవడం వచ్చు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, ఆవిడ ముందు నిలబడ్డాడు.

"షీ టెల్," అన్నాడు నన్ను చూపించి. "ఐ నో లిజన్."

నేను తల దించుకున్నాను. అంతే. కాదని ఒక్క మాట అనలేదు.

తాతయ్య మొలతాడు ముడి విప్పాడు. చాలాసేపు పట్టింది. తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, టోపీ తీసి బెంచీ మీద పెట్టి, చెప్పులు వేసుకోవడం మర్చిపోయి కారు దాకా నడిచాడు.

కారులో నాన్న ఉగ్రుడైపోయాడు. "పాప చెప్పింది కదా నాన్నా! చెప్పినా వినకపోతే ఎట్లా? ఇది మన ఊరనుకున్నావా? ఆడపిల్ల కాలు విరిగింది!"

"పొలం బుద్ధిరా. పోలా" అన్నాడు తాతయ్య.

మర్నాడు పొద్దున్న నేను ఆయన గదిలోకి వెళ్ళాను. మంచం మీద కూర్చుని నారింజ ఒలుస్తున్నాడు. "నిన్నటినుంచి ఏమీ తినలేదంట?" అని ఒక తొన నా చేతిలో పెట్టాడు. "తాతా, నేను నీకు..." అన్నాను.

"ఊరుకో పాపా. యాడా అనమాక. నువ్వు ఆళ్ళతో ఇంకా ఆడుకోవాల, చదువుకోవాల, ఈడనే బతకాల. నాకేముంది, ఎన్నాళ్ళుంటా?" అన్నాడు.

ఆ తొన నేను తిన్నాను. ఎలా తిన్నానో!

తాతయ్య మళ్ళీ ప్లాస్టిక్ కుర్చీలోకి, గరాజు తలుపు ముందుకి వెళ్ళిపోయాడు. నెల తర్వాత మట్టిదొర చంకకర్రల మీద మా ఇంటికి వచ్చాడు, ఆ టోపీ చేత్తో పట్టుకుని. తాతయ్య గదిలోంచి బయటికి రాలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మట్టిదొర గుమ్మంలో నిలబడి, నన్ను అడిగాడు. "ఎవరెన్నిసార్లు చెప్పినా నేను నమ్మలేకపోతున్నాను పాపా. మట్టి గురించి నేనేమన్నా మీ తాత కాదనడు. నువ్వు నిజంగా చెప్పావా?"

"చెప్పాను" అన్నాను. ఈసారి తల దించుకోలేదు కూడా. ఆయన టోపీ గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

చలికాలంలో తాతయ్య పోయాడు. జబ్బేమీ లేదు. అన్నం సగమైంది, పావు అయింది, ఆగిపోయింది. నాన్న అప్పటిదాకా ఆయనతో సూటిగా మాట్లాడలేదు. "ఆయన తిన్నాడా?" అని అమ్మని అడిగేవాడు, అంతే. రాగిపిల్ల కాలికి ప్లేటు వేశారు. నడక వచ్చింది గానీ పరుగు రాలేదు. నా మీద దానికి ఒక్కనాడూ కోపం లేదు. "మీ తాత పాపం" అనేది. ఆ ఏడాదే వాళ్ళు వేరే ఊరు వెళ్ళిపోయారు.

ఏళ్ళు గడిచేకొద్దీ మా వాళ్ళు ఆ సంగతిని నవ్వుకునే కథగా చేసేశారు. ఎవరింట్లో బార్బెక్యూ పెట్టుకున్నా, నలుగురు అంకుల్స్, ఆంటీలు చేరితే చాలు, "మా నాన్న ఆస్ట్రేలియాలో కళ్ళం చేశాడండీ! వద్దని చెప్పినా వినలేదు!" అని నాన్న మొదలుపెట్టేవాడు. పేడబస్తా దగ్గర అందరూ పొట్టలు పట్టుకునేవాళ్ళు. కాలు విరిగిన ముక్క ఆ కథలోంచి ఎప్పుడో జారిపోయింది. మాట వినని మొండి ముసలివాడు ఒక్కడే మిగిలాడు. నేనూ నవ్వేదాన్ని. అవును, వాళ్ళతోపాటు నేనూ నవ్వేదాన్ని.

మొన్న పొక్లెయిన్‌ని చూస్తూ ఎంతసేపు ఉండిపోయానో. పక్క సీట్లోంచి మా అమ్మాయి అడిగింది. "మమ్, ముత్తాత డిడ్న్ట్ లిజన్ స్టోరీ... ఈజ్ దిస్ ద ప్లేస్?"

వెనక సీట్లో నాన్న నవ్వాడు. ఎనభై దాటాయి ఆయనకి. నవ్వు మొదలైనంత తొందరగానే ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పోయేముందు నాలుగు నెలలు ఆయనతో నేను సరిగ్గా మాట్లాడలేదమ్మా. అదొక్కటే నన్ను తినేస్తోంది. ఒక్కోసారి అనిపిస్తుంది, నేను తొందరపడ్డానా అని" అన్నాడు. అద్దంలోంచి నా కళ్ళలోకి చూశాడు. "నువ్వు ఆయనకి చెప్పావు కదమ్మా?"

లారీ నిండింది. గేటు తీశారు. ఎర్రమట్టి రాల్చుకుంటూ అది మా పక్కనుంచే రోడ్డెక్కింది.

"చెప్పాను నాన్నా" అన్నాను.